అలిపిరి దగ్గర ఒక బల్ల వేయించండి: తిరుపతి జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టరు గారికి,

నమస్కారం. అడగాలనుకున్నది ఒక్కటే కాబట్టి ముందే చెప్పేస్తాను. తిరుమల కొండ కింద అలిపిరి తనిఖీ కేంద్రంలో, భక్తులు బండి దిగి సామాన్లు స్కానింగ్‌కి ఇచ్చే చోట, సిగరెట్టు, బీడీ, ఖైనీ మానాలనుకునేవాళ్ల కోసం ఒక బోర్డు, ఒక బల్ల, ఆ బల్ల దగ్గర సలహా చెప్పగలిగిన ఒక మనిషి కావాలి. జాగా దేవస్థానానిది. మనుషులు ఆరోగ్య శాఖ వాళ్లు. ఇద్దరినీ పిలిచి ఒకచోట కూర్చోబెట్టగలిగింది మీరు. అందుకే మంత్రి గారికి కాకుండా మీకు రాస్తున్నాను.

నేను ఘాట్ రోడ్డు మీద టాక్సీ నడుపుతాను. చెన్నై, బెంగళూరు నుంచి రైల్లో దిగేవాళ్లని స్టేషన్ దగ్గర ఎక్కించుకుని కొండ మీద వదలడం, దర్శనమయ్యాక కిందికి తీసుకురావడం నా పని. అలిపిరి దగ్గర రోజూ ఒకటే తంతు. ఆడవాళ్లు, పిల్లలు బ్యాగులు తీసుకుని లైనులోకి వెళ్తారు. మగవాళ్లలో ఒకరిద్దరు వెనక ఆగి నా వైపు వస్తారు. "అన్నా, ఈ పాకెట్టు బండ్లో యాడన్నా పెడ్తావా, దిగినాక తీసుకుంటా" అంటారు. పెట్టను, బండి కూడా వెతుకుతారు అంటాను. ఇక చేసేదేముంది, చెత్తబుట్టలో పడేస్తారు. కొందరైతే అంతకు ముందే, కపిలతీర్థం దాటగానే బండి ఆపమని, గబగబా రెండు దమ్ములు లాగి వస్తారు.

తర్వాత జరిగేదే నన్ను ఆలోచింపజేసింది. ఆ మనిషి కొండ మీద ఒక రాత్రి, ఒక పగలు ఉంటాడు. సర్వదర్శనం రద్దీగా ఉంటే ఇంకో పూట కూడా పడుతుంది. అంతసేపూ సిగరెట్టు ముట్టడు. ఎవరూ కాపలా లేరు. తిరుమలలో పొగాకు నిషేధం అని తెలుసు, దొరకదని తెలుసు, అంతే. మామూలుగా రెండు గంటలు ఆగలేని మనిషి కంపార్ట్‌మెంట్‌లో గోవింద నామం చెప్పుకుంటూ గంటల తరబడి కూర్చుంటాడు. గుండు చేయించుకుంటాడు, ప్రసాదం తింటాడు, లడ్డూల సంచి మోస్తాడు. కిందికి దిగే దారిలో మాత్రం అలిపిరి దాటి నంది సర్కిల్ కనపడగానే వెనక సీట్లోంచి గొంతు వినపడుతుంది. "ఒక్క నిమిషం ఆపున్నా."

ఆ నిమిషంలో పోయేదేమిటో ఆయనకి తెలియదు. నాకూ ఒకప్పుడు తెలియదు, మానేశాక డాక్టర్లని అడిగి తెలుసుకున్నాను. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే పొగ తాగేవాడు గంటకో, రెండు గంటలకో వెతుక్కుంటాడు. పూర్తిగా ఆపేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. అవన్నీ బాగా ముదిరేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. తర్వాత మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా తగ్గుతాయి. అంటే కొండ దిగి వస్తున్న మనిషి ఆ కష్టమైన రెండు మూడు రోజుల్లో ఒక రోజు అప్పటికే దాటేశాడు, తను దాటానని తెలియకుండానే. 12 గంటలకే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వచ్చేసింది. ఇంత దూరం వచ్చినవాడికి "ఇంకో రెండు రోజులు ఓపిక పట్టు సామీ, ఇదిగో ఈ నంబరుకి ఫోన్ చెయ్యి" అని చెప్పే మనిషి నా దారిలో నాకింతవరకూ కనపడలేదు. పాకెట్టు పడేయించి మాట చెప్పకుండా పంపడం ముల్లు తీసి మందు రాయకుండా వదిలేయడం లాంటిది.

నంబరు లేక కాదు. ఉంది: 1800-11-2356. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన జాతీయ పొగాకు విరమణ ఫోన్ సేవ, పైసా ఖర్చు లేదు. మొదట ఢిల్లీ నుంచే నడిచేది. తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కూడా పెట్టారు, అక్కడ తెలుగు, తమిళం, కన్నడం, మలయాళంలో మాట్లాడతారు. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి సిగరెట్టు పెట్టె మీదా ఈ నంబరు అచ్చవుతోంది. బాగానే ఉంది. కానీ మన ఊళ్లో పెట్టె కొనేవాళ్లెంత మంది? ఏ సిగరెట్ల బంకు దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఒకటో రెండో విడిగా కొంటారు, పక్కన వేలాడే లైటరుతో ముట్టించుకుంటారు, టీ గ్లాసు పట్టుకుని పక్కకి జరుగుతారు. పెట్టె బంకులోనే ఉండిపోతుంది. పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలనే రూలు 2016లో అమలుకి తెచ్చారు, కింద ఫోన్ నంబరు వేశారు, అది చూడాల్సినవాడి చేతికి పెట్టే రాదు. బంకు నడిపే ఆయన మాత్రం ఆ నంబరు రోజంతా చూస్తుంటాడు.

పక్కనున్న కర్ణాటకలో 2025లో విడి సిగరెట్ల అమ్మకాన్ని చట్టంతో ఆపారు, కొనే వయసు 21కి పెంచారు, బహిరంగంగా తాగితే జరిమానా 200 నుంచి 1,000 రూపాయలకి పెంచారు. మన దగ్గరా రావాలని నా కోరిక. అయితే అది శాసనసభ పని, మీ బల్ల మీదికి వచ్చే ఫైలు కాదు. ఉన్న చట్టమైనా, 2003 నాటిది, 18 ఏళ్లలోపు వాళ్లకి అమ్మకూడదని, బడికి, కాలేజీకి 100 గజాల లోపల అమ్మకూడదని చెబుతోంది. మా పిల్లలు చదివే వీధుల్లో ఆ గజాల టేపు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఇది ఇక్కడితో వదిలేస్తాను. జరిమానాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 200 రూపాయలు కట్టినవాడు ఆ కోపంలో ఇంకోటి ముట్టిస్తాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఊరికే నీతులు చెబుతున్నాడనుకుంటారు. నేను మానేసింది 2011లో, మా ఊరి గంగమ్మ జాతర మొదలవుతుందని చాటింపు వేసే రాత్రి. కారణం అడిగితే గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. ఆ ఏడాది మొక్కు తీర్చడానికి మెట్ల దారిన వెళ్లాం. అలిపిరి నుంచి మొత్తం 3,550 మెట్లు, గాలిగోపురం దాకా బాగా నిటారుగా ఉంటాయి. అరవై దాటిన మా అమ్మ నన్ను వెనకేసి పైకెళ్లి, గోపురం కింద కూర్చుని మజ్జిగ తాగుతూ నాకోసం చూస్తూ ఉంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జాతర వారం ఎందుకు ఎంచుకున్నానంటే, చాటింపు పడ్డాక ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని మా ఇంట్లో పట్టింపు. దూరం ట్రిప్పులు ఉండవు. రాత్రి డ్రైవింగ్ లేకపోతే నా సిగరెట్లలో సగం వాటంతట అవే పోయినట్టే. జాతరలో రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషాల రోజు బాగానే గడిచింది. మూడో రోజు, తోటి వేషాలప్పుడు, తల పగిలిపోయింది. డప్పు చప్పుడు వింటే కొట్టాలనిపించింది. పిల్లల మీద, ఇంటిదాని మీద, ఎదురింటి కుక్క మీద అరిచాను. జాతరలో బూతులు తిట్టడం ఆచారమే కాబట్టి నా నోటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అది నా అదృష్టం.

తర్వాతి వారాల్లో దగ్గు తగ్గకపోగా పెరిగింది. మానేస్తే రోగం వచ్చిందేమిట్రా అని స్టాండులో నవ్వారు. ఊపిరితిత్తుల్లో చెత్తను బయటికి ఊడ్చే సన్నని నూగు మళ్లీ పని మొదలుపెడితే కొన్నాళ్లు అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే భయం లేకుండా పోయేది. చాలామంది ఈ దగ్గు దగ్గరే మళ్లీ మొదలుపెడతారు. నోట్లో పుండ్లు, మలబద్ధకం, ఇవీ వస్తాయి, పోతాయి. కొంత బరువు కూడా పెరగొచ్చు. ఎవరూ చెప్పని ఇంకో సంగతి కలలు. మానేసి ఏళ్లైనా కలలో సిగరెట్టు తాగుతాను, తాగేశానే అని ఉలిక్కిపడి లేస్తాను.

అప్పటి నుంచి నాకు జాతరంటే రెండు లెక్కలు. అమ్మవారికి పొంగలి పెట్టే లెక్క ఒకటి, సిగరెట్టు మానేసి ఎన్నేళ్లయిందనేది రెండోది. మొదటి ఏడాది తిరిగేసరికి గుండె జబ్బు ముప్పు పొగ తాగేవాడితో పోలిస్తే సగానికి తగ్గుతుందంటారు. పదేళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగమవుతుంది. నా పదేళ్లు 2021 మేలో నిండాయి, కోవిడ్ రెండో విడతలో, ఆక్సిజన్ ఆక్సిజన్ అని ఊరంతా అల్లాడిన నెలలో. ఆ ఏడు పండగ చేసుకోవాలనిపించలేదు, ఊరికే ఇంటి గడప మీద కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చి వదిలాను. పదిహేనేళ్లకి గుండె సంగతిలో అసలు ఎప్పుడూ తాగనివాడితో సమానమంట. అది కూడా వస్తోంది.

అయితే నాలాంటివాణ్ణి చూపించి "చూడండి, మనసుంటే చాలు" అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ సాయమూ లేకుండా మానేసేవాళ్లలో ఏడాది నిలబడేది నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు. మిగతావాళ్లకి మనసు లేకనా? 2016-17లో దేశమంతా చేసిన పొగాకు సర్వేలో పొగ తాగేవాళ్లలో 55.4 శాతం మంది మానాలనుకుంటున్నామనో, ఆలోచిస్తున్నామనో చెప్పారు. మనసుంది, చెయ్యి పట్టుకునేవాళ్లు లేరు. అదే సర్వేలో పెద్దవాళ్లైన మగవాళ్లలో 19 శాతం పొగ తాగుతారని తేలింది. కొండకి రోజుకి 60, 70 వేల మంది వస్తారు. భక్తుల్లో ఆ లెక్క సగానికి తగ్గించుకున్నా, రోజూ కొన్ని వేల మంది ఒకే చోట, ఒకే గేటు దగ్గర, తమ చేత్తో తాము పాకెట్టు పడేస్తున్నారు. ఇలాంటి జాగా దేశంలో ఇంకెన్ని ఉంటాయి?

బల్ల దగ్గర కూర్చునే మనిషి డాక్టరే కానక్కర్లేదు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్త చాలు. నికోటిన్ చూయింగ్ గమ్ అనేది ఒకటుందని, 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుందని చెప్పాలి. దాన్ని మామూలు గమ్ములా నమిలి మింగేసి, పని చేయలేదని పారేసినవాళ్లని స్టాండులో చూశాను. మెల్లగా నములుతూ, ఘాటు తగలగానే బుగ్గకి, చిగుళ్లకి మధ్య పెట్టి ఆపాలి. ముందు ఒక పావుగంట టీ, కాఫీ ముట్టకూడదు. మన ఊళ్లో ఈ టీ ముక్కే ముఖ్యం. 2022లో ఈ మందుల్ని జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చారు కాబట్టి, రుయా ప్రభుత్వాసుపత్రిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు కూడా చూస్తే బీడీ తాగే కూలి మనిషికి అందుతుంది. గమ్ము కొనే డబ్బుతో ఆయన రెండు కట్టలు కొనుక్కుంటాడు, లెక్క అలాగే వేసుకుంటాడు.

బల్ల ఎక్కే దారిలో, దిగే దారిలో రెండు చోట్లా ఉండాలి, ముఖ్యంగా దిగేటప్పుడు. ఎక్కేవాడికి దర్శనం టైము తప్ప ఇంకేమీ వినపడదు. ఇంకో సంగతి, ఆ ఫోన్ సేవకి సోమవారం సెలవు. ఆదివారం దర్శనం చేసుకుని సోమవారం దిగేవాళ్లు బోలెడంత మంది, ఆ రోజు బల్ల ఖాళీగా ఉండకూడదు. బోర్డు మీద కుళ్లిపోయిన నోళ్ల బొమ్మలు వద్దు, అవి చూసి చూసి జనానికి అలవాటైపోయింది. నాయకుల ఫొటోలు కూడా వద్దు, దయచేసి. దేవుడి పేరు చెప్పి ఒట్టు వేయించడం అసలొద్దు. ఒట్టు తప్పినవాడు సిగ్గుతో మళ్లీ ఆ బల్ల ముఖం చూడడు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీలో పెద్ద అక్షరాలతో ఇంత రాస్తే చాలు: "మీరు సిగరెట్టు ముట్టి ఒక రోజు దాటింది. కష్టమైన రెండు మూడు రోజుల్లో ఒకటి అయిపోయింది. ఇంకో రెండు రోజులకి సాయం కావాలంటే 1800-11-2356."

ఏటా మే 31న పొగాకు వ్యతిరేక దినం అని ర్యాలీ తీస్తారు. నర్సింగ్ పిల్లలు ఎర్రటి ఎండలో బ్యానర్లు పట్టుకుని నడుస్తారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఈసారి ఆ పిల్లల్ని ఎండలో తిప్పకుండా అలిపిరి షెడ్డు నీడలో కూర్చోబెట్టండి. మే అంటే బడి సెలవులు, కొండ కిక్కిరిసి ఉంటుంది. నెల రోజులు పెట్టి చూడండి. ఎంతమంది ఆగి అడిగారో, ఎంతమంది ఫోన్ నంబరు రాసిచ్చారో లెక్క రాయించండి, నెల తర్వాత వాళ్లకి ఫోన్ చేయించి ఎంతమంది ఇంకా మానే ఉన్నారో కనుక్కోండి. పని చేయకపోతే బల్ల తీసేయండి, నేను మళ్లీ ఉత్తరం రాయను. స్టాండులో మా డ్రైవర్లు కొందరు ఖాళీ ఉన్నప్పుడు వచ్చి కూర్చోవడానికి ఒప్పుకున్నారు, జీతం ఏమీ అడగలేదు. వాళ్లలో ఇద్దరు ఇంకా తాగుతూనే ఉన్నారు, వాళ్లకే ముందు నంబరు ఇవ్వాలి.

ఇట్లు,
ఘాట్ రోడ్డు టాక్సీ డ్రైవరు ఒకడు,
తిరుపతి