బూడిద గేటు దాటాక లెక్క ఎవరిది? – సభ్యులకు 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద మీదే నడిచింది. కాలువ గట్ల మొక్కలు, మురుగు డ్రెయిన్లలో గుర్రపుడెక్క తొలగింపు, లాకుల దగ్గర చెత్త ఏరివేత ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పట్టీ విడిగా పంపుతున్నాం. ఇక్కడ బూడిద సంగతే వివరంగా రాస్తున్నాం. ఎందుకంటే రాబోయే సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం పెట్టబోతున్నాం, ఓటు వేసేవారికి విషయం పూర్తిగా తెలియాలి.

గోదావరి డెల్టాలో పెద్ద బొగ్గు కేంద్రం లేదు కదా, మనకెందుకు అని కొందరు అడిగారు. నిజమే. వేమగిరి, జేగురుపాడు, సామర్లకోటల్లో ఉన్నవి గ్యాస్ కేంద్రాలు, వాటిలో బూడిద రాదు. కానీ బూడిద మన దగ్గరికి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి నది. రామగుండం, మణుగూరు కేంద్రాలు గోదావరి ఒడ్డువి. పాల్వంచ కేంద్రం ఉన్న కిన్నెరసాని కూడా గోదావరిలోనే కలుస్తుంది. ఆ నీరే ధవళేశ్వరం చేరి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లో సుమారు పది లక్షల ఎకరాలకు పారుతుంది. రెండోది రోడ్డు. ఇబ్రహీంపట్నం, పరవాడ, పాల్వంచ కేంద్రాలకు 300 కిలోమీటర్ల లోపే మన ఊళ్లున్నాయి. ఈ 300 కిలోమీటర్లకు చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. ఆ పరిధిలో కట్టడాలు చేపట్టే సంస్థలు, ధర ఎక్కువ కానంతవరకు, బూడిదతో చేసిన ఇటుకలు, సామగ్రి వాడాలి.

బూడిద ఎంత వస్తుందో లెక్క వేసి చూడండి. 1,000 మెగావాట్ల కేంద్రం 80 శాతం లోడుతో నడిస్తే రోజుకు 1.92 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు చొప్పున సుమారు 12,500 టన్నులు కాలుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 34 శాతమే పట్టుకున్నా రోజుకు 4,200 టన్నులు దాటుతుంది. 25 టన్నుల టిప్పర్లకైతే 170 లోడ్లు. అంత సరుకును ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట పెట్టాలి.

కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి కేంద్రం ఏటా కనీసం 80 శాతం బూడిదను వినియోగించాలి, మూడేళ్లకు కలిపి చూస్తే 100 శాతం కావాలి. మిగిలిన ప్రతి టన్నుకూ రూ.1,000 పర్యావరణ పరిహారం కట్టాలి. బూడిదకు వెల కట్టి అడగడం మంచి మార్పు, దాన్ని మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. లోపం ఎక్కడంటే, ‘వినియోగం’ అని లెక్కించే పనుల జాబితాలో సిమెంటు, ఇటుకలు, రోడ్డు కట్టలతో పాటు పల్లపు ప్రాంతాలను మెరక చేయడం కూడా ఉంది. సిమెంటులో కలిసిన బూడిద బిగుసుకుపోతుంది, అందులోని లోహాలు చాలావరకు బయటికి రావు. పల్లంలో పోసిన బూడిద వదులుగానే ఉంటుంది. విద్యుత్ కేంద్రం పుస్తకంలో మాత్రం రెండు టన్నులూ ఒకే పద్దు. పైగా మిగిలితే టన్నుకు వెయ్యి కట్టాలి గనుక, ఎవరు అడిగినా ఇచ్చి పంపించేయడమే కేంద్రానికి లాభం. నిబంధన కఠినమయ్యే కొద్దీ బూడిద పల్లపు ఊళ్ల వైపు వస్తుంది. అందుకే ‘ఇంకా కఠినం చేయండి’ అంటే చాలదు, ఎక్కడ కఠినం చేయాలో కూడా చెప్పాలన్నది సంఘం అభిప్రాయం.

డెల్టా విషయంలో ఈ తేడా చాలా పెద్దది. కాలువలు పారే నెలల్లో మన చాలా ఊళ్లలో రెండు మూడు మీటర్ల లోపే నీరు తగులుతుంది. ఇటుకల మట్టి కోసం తవ్విన గోతుల్లో, వదిలేసిన చేపల చెరువుల్లో బూడిద నింపితే దాని అడుగు భాగం ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే నానుతుంది. మొదట కదిలేవి సల్ఫేట్, బోరాన్. కొబ్బరికి బోరాక్స్ వేసే రైతు బోరాన్ మంచిదే కదా అనుకోవచ్చు. కానీ చాలా పంటల్లో దాని లోపానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. తర్వాతది ఆర్సెనిక్. గాలి ఆడే నేలలో అది ఇనుపతుప్పు రేణువులకు అంటుకుని కదలకుండా ఉంటుంది. నీరు నిలిచి గాలి అందకపోతే ఆ తుప్పు కరుగుతుంది, ఆర్సెనిక్ నీటిలోకి వస్తుంది. వరి వేరు సిలికాను తీసుకునే దారిలోనే దాన్నీ తీసుకుంటుంది. సార్వా, దాళ్వా రెండు పంటలూ నీళ్లలో పండే నేలకు ఇంతకంటే చెడ్డ పొరుగు ఉండదు.

అమెరికాలో 2015లో వచ్చిన నిబంధన ప్రకారం కొత్త బూడిద చెరువు (కేంద్రం బూడిదను నీటితో కలిపి నిల్వ చేసే చోటు) అడుగుకూ భూగర్భ జలం పై మట్టానికీ మధ్య కనీసం 5 అడుగుల ఎడం ఉండాలి, లేదా నీరు బూడిదను తాకదని నిరూపించాలి. మన ఊళ్లలో మెరక చేసే స్థలాలకు ఇదే కొలత పెడితే చాలావరకు మొదటి రోజే ఆగిపోతాయి.

ఆక్వా రైతులు గమనించాల్సింది మరొకటి ఉంది. బూడిద చెరువు నుంచి బయటికి వదిలే నీటికి మన పర్యావరణ నియమాల్లో థర్మల్ కేంద్రాల పద్దు కింద ఉన్న కొలతలు మూడే: పీహెచ్ 6.5 నుంచి 8.5, తేలే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె జిడ్డు 20 మిల్లీగ్రాములు. ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ ఆ పద్దులో లేవు. తేటగా కనిపించే నీరు ఈ మూడింటిలోనూ గట్టెక్కుతుంది. అమెరికాలో ఉత్తర కరోలినాలోని బెల్యూస్ సరస్సులో 1970లలో బూడిద చెరువు నీరు కలిసి, 20 రకాల చేపల్లో 19 రకాలు కనుమరుగయ్యాయి. ఆ నీటిలో సెలీనియం లీటరుకు సుమారు 0.01 మిల్లీగ్రాము. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 అనుమతించే హద్దు కూడా అంతే. సెలీనియం నాచులోకి, పురుగులోకి, అక్కడి నుంచి తల్లి చేపలోకి, చివరికి గుడ్డులోకి చేరి కూడుకుంటుంది. పెద్ద చేప బతికే ఉంటుంది, పిల్ల మాత్రం దక్కదు. నీటి పరీక్ష ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదని మనం అనేది ఇందుకే.

బూడిద చెరువుల కట్టలు తెగడం కొత్తేమీ కాదు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలీ ప్రాంతంలోని సాసన్ కేంద్రం బూడిద కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. అంతకుముందు ఏడాది అదే ప్రాంతంలో మరో రెండు కట్టలు తెగాయి. కట్ట ఎత్తు పెంచాల్సి వచ్చినప్పుడు పాత బూడిద మీదే కొత్త కట్ట వేయడం, తేటనీరు దిగే బావి పూడుకుపోయి నీరు కట్ట దాకా నిలవడం, కట్ట వెలుపలి వాలులో తడి కనిపించినా పట్టించుకోకపోవడం, ఇవీ సాధారణంగా ముప్పు తెచ్చేవి. భద్రాచలం దగ్గర 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది, 1986లో 75.6 అడుగులకు. నది ఒడ్డు చెరువుల కట్టలను ఈ మట్టాలకు సరిచూశారా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

నీటి నమూనాల పని

ఈ ఏడాది యువ సభ్యులకు నమూనా తీయడం నేర్పాం. పద్ధతి తప్పితే ఎంత ఖరీదైన పరీక్షైనా పనికిరాదు కాబట్టి పూర్తిగా రాస్తున్నాం.

ఒక్కో చోట రెండు లీటరు సీసాలు. రెండూ ప్లాస్టిక్‌వే కావాలి. ప్రయోగశాల గాజులో బోరాన్ ఉంటుంది, అది నీటిలోకి దిగి లెక్క చెడుతుంది. చేతి పంపుగానీ ఫిల్టర్ పాయింట్‌గానీ పది నిమిషాలు నీరు వదిలాకే పట్టాలి, లేకపోతే గొట్టం తుప్పుకే పరీక్ష చేసినట్టు. లోహాల సీసాలో నీటిని 0.45 మైక్రాన్ జల్లెడతో వడకట్టి, పీహెచ్ 2 కంటే దిగేదాకా నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. వేయకపోతే ఇనుము అడుగున పేరుకుని ఆర్సెనిక్‌ను తనతో లాక్కుపోతుంది, ఫలితం లేనంత తక్కువగా వస్తుంది. ఆమ్లం ప్రయోగశాల వారి దగ్గరే కొలిచి తెచ్చుకోండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. రెండో సీసాలో ఏమీ కలపకుండా సల్ఫేట్, క్లోరైడ్, బోరాన్ కోసం పంపాలి. రెండూ ఐసు పెట్టెలో పెట్టి, ఊరు, సర్వే నంబరు, లోతు, తేదీ, వేళ చెరగని సిరాతో రాయాలి.

ఎప్పుడు తీయాలన్నది ముఖ్యం. కాలువలు కట్టేశాక మే నెలలో ఒకసారి, సార్వా కోతల వేళ నవంబరులో మరోసారి. కాలువ పారుతున్నప్పుడు ఊట నీరు కలిసి అంతా పలచబడుతుంది. మే ఫలితమే అసలు గుట్టు చెబుతుంది.

సముద్రం దగ్గరి శివారు ఊళ్లలో ఒక చిక్కుంది. సముద్రపు నీటిలోనూ సల్ఫేట్, బోరాన్ ఉంటాయి. అందుకే క్లోరైడ్‌తో పోల్చి చూడాలి. సముద్రపు నీటిలో క్లోరైడ్ ఏడు పాళ్లుంటే సల్ఫేట్ ఒక పాలు. మీ బోరులో క్లోరైడ్ 700 మిల్లీగ్రాములుంటే, ఉప్పునీటి వల్ల వచ్చే సల్ఫేట్ 100 దగ్గర, బోరాన్ 0.16 దగ్గర ఉండాలి. సల్ఫేట్ 400, బోరాన్ 1 వచ్చిందంటే మరో మూలం ఉన్నట్టే. అది బూడిదే అని వెంటనే అనడానికి లేదు. అమ్మోనియం సల్ఫేట్, చౌడుకు వేసిన జిప్సం కూడా సల్ఫేట్‌ను పెంచుతాయి. కాబట్టి మెరక చేసిన చోటికి భూగర్భ జలం వచ్చే వైపు ఒక బోరు, పోయే వైపు ఒక బోరు నుంచి తప్పకుండా నమూనా తీయాలి. రెండింటి మధ్య తేడాయే మన ఆధారం.

మెరక చేసింది బూడిదతోనా మట్టితోనా అని సందేహమొస్తే గుప్పెడు తీసి గాజు గ్లాసు నీళ్లలో వేయండి. బూడిదైతే తెల్లటి సన్నటి పొర కొంత పైన తేలుతుంది, అవి లోపల బోలుగా ఉండే గాజు గోళాలు. అయస్కాంతం పెడితే కొన్ని రేణువులు అంటుకుంటాయి. బంకమట్టిలా ముద్ద కాదు.

అనుమతుల విషయం. పల్లం మెరక చేయడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి కావాలి, అనుమతించిన స్థలాలు, విస్తీర్ణం, పరిమాణం ఏటా వెబ్‌సైట్‌లో పెట్టాలి. సమాచార హక్కు దరఖాస్తులో సర్వే నంబరు రాసి అనుమతి ప్రతి, బూడిద ఏ కేంద్రానిది, ఎన్ని టన్నులు, నింపే ముందు భూగర్భ జలం పరీక్ష చేశారా అని విడివిడిగా అడగండి. రుసుము రూ.10, గడువు 30 రోజులు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వివాద పిటిషన్‌కు ఆరు నెలలే గడువు, అందుకని టిప్పరు దిగిన రోజే తేదీతో ఫొటో తీసి ఉంచండి.

ఇటుకల సంగతి

బూడిదకు మంచి దారి ఇటుక. వెయ్యి ఎర్ర ఇటుకలకు సుమారు మూడు టన్నుల మట్టి పోతుంది, ఎకరం లంక భూమి ఒక అడుగు లోతు తవ్వితే ఐదారు లక్షల ఇటుకలు. ఆ పై మట్టి మళ్లీ రాదు. కనుక బూడిద ఇటుక తయారీదారులను మనం ప్రోత్సహించాలి, నాణ్యత అడిగి తీసుకోవాలి. పొడి ఇటుక తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. బూడిద నల్లగా ఉందంటే కాలని బొగ్గు ఎక్కువుందన్నమాట. అది 5 శాతం దాటితే ఇటుక గుల్లబారుతుంది. చెరువు నుంచి తవ్విన ముతక బూడిద కాదు, పొడిగా పట్టిన సన్న బూడిదే సున్నంతో, సిమెంటుతో బాగా కలుస్తుంది. తడి ఆరకుండా కనీసం రెండు వారాలు నీళ్లు కొట్టాలి. మన దగ్గర ఎక్కువగా చెడేది ఇక్కడే: ఏప్రిల్ తర్వాత కాలువ కట్టేస్తే ఉప్పు బోరు నీటికి మారతారు, ఆర్నెల్లలో గోడకు తెల్ల పూత పట్టి ప్లాస్టరు ఊడుతుంది. వేసవి ఇటుకకు ఏ నీరు కొట్టారో అడిగి కొనండి.

కరెంటు ధర పెరగదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పైన చెప్పిన లెక్కలో యూనిట్‌కు వచ్చే బూడిద 220 గ్రాములు. అడుగున పొర పరచడం, పరీక్ష బావులు, తూకంతో రవాణా, వీటికి టన్నుకు రూ.200 అదనంగా ఖర్చయినా యూనిట్‌కు నాలుగున్నర పైసలు లోపే. ఊరి మంచినీటి చెరువు పాడైతే అయ్యే ఖర్చు మాత్రం పూర్తిగా ఊరిదే.

మరోవైపు శిక్షలు తేలికవుతున్నాయి. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలుశిక్ష స్థానంలో రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు జరిమానా వచ్చింది. యూనిట్ రూ.4 చొప్పున చూస్తే 1,000 మెగావాట్ల కేంద్రానికి ఆ రూ.15 లక్షలు అరగంట ఉత్పత్తి విలువ. గంధకపు పొగ ప్రమాణాలు 2015 డిసెంబరులో వచ్చాయి, రెండేళ్ల గడువును పలుమార్లు పొడిగించారు, చివరికి 2025 జులైలో పెద్ద నగరాలకు, కాలుష్య ప్రాంతాలకు దూరంగా ఉన్న ఎక్కువ కేంద్రాలకు పొగలోంచి గంధకాన్ని తీసే యంత్రాలు పెట్టే బాధ్యతే తీసేశారు. బూడిద గడువులకూ ఇదే గతి పట్టకూడదు.

తీర్మానం ముసాయిదా ఇది. భూగర్భ జలానికి 5 అడుగుల ఎడం లేని చోట బూడిదతో మెరక చేయడాన్ని ‘వినియోగం’ జాబితా నుంచి తీసేయాలి. చివరి స్థలానికి చేరేదాకా, ఆ తర్వాత కూడా, బూడిద బాధ్యత అది పుట్టిన కేంద్రానిదే కావాలి. ప్రతి లోడుకూ రెండు చోట్లా తూకం చీటీ ఉండాలి. బూడిద చెరువు నీటి ప్రమాణాల్లో ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, పాదరసం చేర్చాలి. చెరువుల చుట్టూ పరీక్ష బావుల ఫలితాలు తెలుగులో బహిరంగంగా ఉంచాలి. జరిమానా గంపగుత్తగా కాక టన్నుల లెక్కన ఉండాలి. ప్రమాదకర వ్యర్థాల 2016 నియమాలు బూడిదను ‘పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ’ అని పక్కన పెట్టాయి. సిమెంటుకు, ఇటుకకు పోయే బూడిదకు ఆ మినహాయింపు ఉంచి, నేలలో పోసే బూడిదకు తీసేయాలి. ఈ చివరి అంశం మీద సభ్యుల్లో భిన్నాభిప్రాయం ఉంది, ఇటుక యూనిట్ల వారు వచ్చి తమ మాట చెప్పాలి.

కాలువలు కట్టేసిన వారం లోపు మే నమూనాలు మొదలవుతాయి. తమ బోరు ఇవ్వదలచిన వారు సర్వే నంబరు, బోరు లోతు, చుట్టుపక్కల మెరక చేసిన స్థలాల వివరాలు ముందే కార్యదర్శికి రాసి ఇవ్వండి. సీసాలు సంఘం ఇస్తుంది, ఇంట్లో సీసాలు వాడొద్దు.