శివయ్యకు పెళ్లయింది కదా, మీ తమ్ముడికి చేయరేం?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ సినిమా పేజీలో ఆటిజం పాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. ‘రెయిన్ మ్యాన్’, ‘మై నేమ్ ఈజ్ ఖాన్’, ‘బర్ఫీ’ల పక్కన మన ‘స్వాతిముత్యం’ శివయ్యనూ చేర్చారు. 1986లో వచ్చిన ఆ సినిమాలో శివయ్యను అమాయకుడనే చూపించారు తప్ప, ఆటిజం అనలేదు. అయినా టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా మా బంధువులకు ఆటిజం ఉన్న మా తమ్ముడే గుర్తొస్తాడు. నా పేచీ అక్కడే.

మా వాడికి ముప్పై నాలుగేళ్లు. సొంతంగా మాటలు కూర్చుకుని చెప్పలేడు, విన్నవి అప్పజెబుతాడు. ఇల్లు స్టేషన్ వెనకాలే కావడంతో వాడి నోట ఎప్పుడూ రైళ్ల అనౌన్స్‌మెంట్లే. మంచినీళ్లు కావాలన్నా, కడుపులో నొప్పిగా ఉన్నా ‘దయచేసి వినండి’ అని మొదలుపెడతాడు. ఏది కావాలో గొంతును బట్టి మేం పోల్చుకోవాలి. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెడతాడు. అందుకే మా ఇంట్లో పచ్చడి ఇప్పటికీ రోట్లోనే. గడ్డం నాన్న గీస్తారు. ఆయనకు డెబ్భై దాటాయి, చెయ్యి వణుకుతోంది.

ఆటిజం ఉన్న మనిషి పెద్దపెద్ద లెక్కలు చిటికెలో చేసేసే ‘రెయిన్ మ్యాన్’ చూసినవాళ్లే కాదు, చూడనివాళ్లు కూడా ముందు అడిగేది, “లెక్కలు బాగా చేస్తాడా?” అని. చేయడు. ఆ పాత్రకు ప్రేరణ అయిన కిమ్ పీక్‌కు అసలు ఆటిజమే లేదని డాక్టర్లు తర్వాత చెప్పారు. అదెవరికి కావాలి! సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి, మాకు ఈ ప్రశ్న వచ్చింది.

సరే, దానికి లేదని చెప్పి ఊరుకోవచ్చు. పెళ్లి మాట దగ్గరే తల ప్రాణం తోకకొస్తుంది. “శివయ్య దారిన పడలేదూ? మూడు ముళ్లు పడితే బాధ్యత అదే తెలుస్తుంది” అంటారు పెద్దవాళ్లు. మా మేనత్త ఒకసారి ఏకంగా సంబంధమే తెచ్చింది. కట్నం అక్కర్లేదట, వాళ్లు బొత్తిగా లేనివాళ్లట, పిల్ల తిండికి లోటు లేకుండా ఉంటే చాలట. అమ్మ ఒక్కటే అడిగింది, “వీడి సంగతి ఆ పిల్లకు చెప్పావా వదినా?” అని. అత్తయ్య కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

సినిమాలోనూ అంతే కదండీ. శ్రీరామనవమి కల్యాణంలో తాళి తీసుకెళ్లి శివయ్య వితంతువైన లలిత మెడలో కట్టేస్తాడు. ఆమెను అడిగిందెవరు? వితంతువు బతుకు గురించి ఆ రోజుల్లో అలా తీయాలంటే విశ్వనాథ్‌గారికి ఎంత ధైర్యం ఉండాలో నాకు తెలుసు. కమల్ హాసన్‌ను చూస్తే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి. కానీ ఆ తాళి తర్వాత శివయ్య మెల్లగా సంసారం నేర్చుకుంటాడు, మనవలను ఎత్తుకుంటాడు. మా తమ్ముడు స్నానం చేయాలంటే పక్కన ఒకరుండాలి. ఆ పని కోసం తెచ్చుకునే మనిషిని భార్య అని ఎలా అంటాం? ఆటిజం ఉన్నవాళ్లలో ఇష్టపడి పెళ్లి చేసుకుని చక్కగా ఉన్నవాళ్లూ ఉంటారు, కాదనను. అది ఇద్దరికీ తెలిసి జరగాలి.

2025లో వచ్చిన ‘సితారే జమీన్ పర్’ నాకు కొంత నచ్చింది. కథ చివరికి మానసిక వైకల్యం ఉన్న ఆటగాళ్లకు బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్ మారడం గురించే అయినా, ఆ ఆటగాళ్లుగా నిజంగా అలాంటివాళ్లే నటించారు. వికలాంగుల పాత్రలు రాసేటప్పుడు వాళ్లనూ సంప్రదించాలని సుప్రీంకోర్టు 2024 జులైలోనే చెప్పింది. మనవాళ్లు ఎంతమంది చదివారో!

ఇంకొక్కమాట. అమ్మానాన్నల తర్వాత వీడికెవరు అన్నదానికి పెళ్లి ఒక్కటే దారి కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిదేళ్లు దాటిన ఇలాంటివాళ్లకు చట్టబద్ధమైన సంరక్షకులను నియమించడానికి జిల్లాలో కలెక్టర్ ఆధ్వర్యంలో కమిటీ ఉంటుంది. నేను వాడికి సంరక్షకురాలిగా దరఖాస్తు పెట్టాను. మళ్లీ ఇలాంటి లిస్టు వేస్తే, పక్కన దీని గురించీ నాలుగు ముక్కలు వేయండి. సినిమా పేజీ అయితే మా అత్తయ్య కూడా చదువుతుంది.

– ఒక అక్క, సామర్లకోట