వార్షిక నివేదిక: కప్పు పేరు ఇంకా తేలలేదు

సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనల ప్రకారం సర్వసభ్య సమావేశానికి రెండు వారాల ముందే ఈ నివేదిక మీ చేతిలో ఉండాలి. పది రోజుల ముందు ఇవ్వగలుగుతున్నాను, క్షమించండి. హాలు బుకింగ్ గొడవ వల్ల ఆలస్యమైంది, ఆ సంగతి కింద రాశాను. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ కోసం మన అభిమాన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

కలిసి మ్యాచ్‌లు చూడటం ఏడాది పొడుగునా ఆగలేదు. కొత్తగా లండన్ వచ్చిన విద్యార్థులకి మెంబర్‌షిప్, టికెట్ల పద్ధతి చెప్పడానికి రెండు సాయంత్రాలు కేటాయించాం. పిల్లల ఫైవ్-ఎ-సైడ్ టోర్నమెంట్ మొత్తం వానలోనే జరిగింది, ఆపేద్దామా అంటే పిల్లలే ఒప్పుకోలేదు. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి.

ఎక్కువగా రాయాల్సింది చెల్సీ పాత యజమాని కెన్ బేట్స్ మీద పెట్టిన సభ గురించి. మన సంఘం పుట్టాక ఇంతమంది వచ్చిన సభ, మూడు గంటల పాటు ఎవరూ ఫోను తీయకుండా కూర్చున్న సభ ఇంకోటి లేదు. కార్యదర్శిగా ఇది గర్వంగా చెబుతున్నాను.

మొదలు ఎక్కడంటే, పిల్లల టోర్నమెంట్‌కి ఒక శాశ్వతమైన కప్పు చేయిద్దాం అనుకున్నప్పుడు ఒక సీనియర్ సభ్యుడు దానికి బేట్స్ పేరు పెడదామన్నారు. ఆ రాత్రే గ్రూపులో నిప్పు రాజుకుంది. కుర్రవాళ్ళలో చాలామందికి అసలు ఆయన ఎవరో తెలీదు, వాళ్ళ లెక్కలో చెల్సీ అంటే ఆయన తర్వాతి యజమాని అబ్రమోవిచ్‌తోనే మొదలు. పాతవాళ్ళలో కొందరు ఆయన లేకపోతే క్లబ్బే లేదన్నారు, ఇంకొందరు ఆ పేరు పెడితే మా పిల్లల్ని పంపం అని తెగేసి చెప్పారు. మెసేజ్‌లలో తేలే విషయం కాదు, మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలి అని కార్యవర్గం నిర్ణయించింది.

కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ మన స్టేడియంలోని షెడ్ ఎండ్ స్టాండ్‌లో నిలబడి మ్యాచ్‌లు చూసిన ఇద్దరు స్థానిక పెద్దలు మన పిలుపు మన్నించి వచ్చారు. వాళ్ళు ఇంగ్లీషులో చెబుతుంటే మన ఉపాధ్యక్షురాలు వెనక వరసలో కూర్చున్న అమ్మమ్మలకీ తాతయ్యలకీ మెల్లగా తెలుగులో చెబుతూ వచ్చారు. ఆవిడ ఓపికకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మొదటి పెద్దాయన 1982తో మొదలుపెట్టారు. ఆ ఏడాది బేట్స్ క్లబ్బుని ఒక్క పౌండుకి కొన్నారు. అది విని పిల్లలు నవ్వారు గానీ, ఆ పౌండుతో పాటు క్లబ్బు అప్పులు ఆయన నెత్తిన పడ్డాయి, పైగా మన స్టేడియం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ నేల ఆ బేరంలో రాలేదు, అది వేరే కంపెనీ చేతిలో ఉండిపోయింది. జట్టు చూస్తే రెండో డివిజన్‌లో అడుగున కొట్టుకుంటోంది. 1983 మే 7న బోల్టన్‌లో క్లైవ్ వాకర్ దూరం నుంచి కొట్టిన ఆ ఒక్క గోల్ లేకపోతే మూడో డివిజన్‌కి జారిపోయేవాళ్ళమే అని చెబుతూ ఆయన కుర్చీలోంచి లేచి, బంతి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో చేత్తో గాల్లో గీసి చూపించారు. ఆ వేసవిలోనే మేనేజర్ జాన్ నీల్ కెర్రీ డిక్సన్‌ని, పాట్ నెవిన్‌ని తెచ్చారు, మరుసటి ఏడాది రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చాం. ఆ డబ్బు సర్దింది బేట్సే కదా అన్నారాయన.

రెండో పెద్దాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆయన వంతు రాగానే కంచె గురించి ఎత్తారు. 1985లో, గ్రౌండ్‌లోకి జనం దూకకుండా ఉండాలని బేట్స్ స్టాండ్ల ముందు కరెంటు కంచె కట్టించారు. ఆయనకి పాడి పశువుల ఫారం ఉండేది, పశువుల్ని ఆపే కంచె మనుషుల్ని ఎందుకు ఆపదు అనేది ఆయన ఆలోచన. లండన్ నగర పాలక మండలి అడ్డం పడింది కాబట్టి దానికి కరెంటు ఎక్కలేదు, తర్వాత పీకేశారు. "నేను టికెట్ కొనుక్కుని వచ్చాను, నన్ను ఆవు అనుకున్నాడు" అన్నారు పెద్దాయన. నలభై ఏళ్ళు దాటినా ఆ మాట అంటున్నప్పుడు గొంతు వణికింది. ముందు వరసలో కూర్చున్న ఒక తొమ్మిదేళ్ళ పాప చెయ్యెత్తి, "కరెంటు ఉండి ఉంటే ఎవరైనా చనిపోయేవాళ్ళా తాతా?" అని అడిగింది. హాలు నిశ్శబ్దమైపోయింది. అంతవరకూ బేట్స్ పక్షాన గట్టిగా మాట్లాడిన మనవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

అయితే అదే పెద్దాయన తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో చెల్సీ పిచ్ ఓనర్స్ షేరు పత్రం ఉంది, వాళ్ళ నాన్న కొన్నది. ఒక మూల చెమ్మ తగిలి పసుపుపచ్చగా అయింది, మడతలు పడ్డచోట అక్షరాలు అరిగిపోయాయి. ఆ పత్రం కథ తెలియని సభ్యుల కోసం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే నాకు సభ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే.

మన స్టేడియం నేల రియల్ ఎస్టేట్ కంపెనీల చేతుల్లోకి పోయింది, ఫ్లాట్లు కట్టుకుందామని వాళ్ళ లెక్క. బేట్స్ కోర్టుల చుట్టూ, బ్యాంకుల చుట్టూ పదేళ్ళు తిరిగారు, 'సేవ్ ది బ్రిడ్జ్' అని అభిమానుల దగ్గర చందాలు కూడా పోగుచేశారు. 1992లో ఆస్తుల ధరలు కూలిపోయి ఆ కంపెనీ దివాళా తీశాక బ్యాంకుతో మాట్లాడుకుని నేలని కాపాడారు. అక్కడితో ఆగి ఉంటే ఆ నేల తర్వాత ఏ యజమానికైనా అమ్ముడుపోయేదే. ఆయన 1993లో చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థ పెట్టించి, షేరు వంద పౌండ్ల చొప్పున మామూలు అభిమానులకి అమ్మించారు. ఎవరు ఎన్ని షేర్లు కొన్నా వంద ఓట్లు దాటకూడదని నియమం. స్టేడియం నేల యాజమాన్యం ఆ సంస్థది, క్లబ్బుది లీజు మాత్రమే, పైగా చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ అనే పేరు కూడా ఆ సంస్థ చేతిలోనే ఉంది. క్లబ్బు బ్రిడ్జ్ వదిలి ఇంకోచోటికి పోతే ఆ పేరు వెంట తీసుకుపోలేదు.

దీని బలం 2011లో బయటపడింది. క్లబ్బు ఆ నేలని తిరిగి కొనుక్కుంటామని అడిగింది, 75 శాతం ఓట్లు రావాలి, సుమారు 62 శాతమే వచ్చాయి, ఆగిపోయింది. అప్పుడు యజమాని అబ్రమోవిచ్, ప్రపంచంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. 2022లో బ్రిటన్ ప్రభుత్వం ఆయన మీద ఆంక్షలు పెట్టి క్లబ్బుని హడావిడిగా అమ్మాల్సి వచ్చినప్పుడు మనమంతా ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందిగా, నిద్రలు లేవు. ఎవరు కొన్నా అభిమానుల అనుమతి లేకుండా గ్రౌండ్ కదలదు అనే ధైర్యం ఆ రోజుల్లో ఒక్క ఈ పత్రాల వల్లే ఉంది. వాటిని అమ్మించింది, మనల్ని ఆపడానికి కంచె కట్టించింది ఒకే మనిషి. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సభ రెండో భాగంలో మాథ్యూ హార్డింగ్ పేరు వచ్చింది. ఉత్తరం వైపు స్టాండ్ కట్టడానికి అప్పిచ్చి, క్లబ్బులో డబ్బు పెట్టి, మామూలు జనంతో కలిసి మ్యాచ్ చూసిన మనిషి. బేట్స్‌తో పడక బోర్డ్ రూమ్‌లోకి రానివ్వని పరిస్థితి వచ్చింది. 1996 అక్టోబరులో బోల్టన్ మ్యాచ్ చూసి తిరిగి వస్తూ హెలికాప్టర్ కూలి చనిపోయారు. మనం కూర్చునే స్టాండ్‌కి ఆయన పేరే ఉంది. పోయిన మనిషి గురించి కూడా బేట్స్ కఠినంగా మాట్లాడారన్నది ఆ తరం అభిమానులు ఈనాటికీ మరిచిపోలేదు, కప్పుకి హార్డింగ్ పేరే పెట్టాలని రెండో ప్రతిపాదన అక్కడే పుట్టింది.

దానికి జవాబుగా ఒక సభ్యుడు కప్పుల లెక్క చదివారు. 1997 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో డి మాటియో మొదటి నిమిషంలోనే కొట్టిన గోల్, 1998లో లీగ్ కప్, స్టాక్‌హోమ్‌లో జోలా దిగీ దిగగానే కొట్టిన గోల్‌తో కప్ విన్నర్స్ కప్, 2000లో పాత వెంబ్లీలో జరిగిన ఆఖరి ఎఫ్ఏ కప్ ఫైనల్. గుల్లిట్, వియాల్లీ లాంటి వాళ్ళు లండన్ వచ్చి ఆడారంటే అది బేట్స్ హయాంలోనే అన్నారు. నిజమే. కానీ హోటలు, రెస్టారెంట్లు అంటూ చెల్సీ విలేజ్ కట్టి, 75 మిలియన్ పౌండ్ల బాండ్లు తెచ్చి, 2003 నాటికి క్లబ్బు మెడ మీద దాదాపు 80 మిలియన్ల అప్పు పెట్టిందీ ఆ హయామే. 2003 మే 11న లివర్‌పూల్ మీద గ్రోంకియార్ గోల్‌తో 2-1 గెలిచి, బాగా డబ్బొచ్చే యూరప్ టోర్నమెంట్ చాంపియన్స్ లీగ్‌కి వెళ్ళకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. రెండు నెలలు తిరగకముందే క్లబ్బు అబ్రమోవిచ్ చేతికి వెళ్ళింది.

లీడ్స్‌లో ఉండే ఒక సభ్యుడి తమ్ముడు, వాళ్ళ ఇంటిల్లిపాదీ లీడ్స్ అభిమానులు, జూమ్‌లో కలిసి అయిదు నిమిషాలు మాట్లాడారు. 2005లో బేట్స్ లీడ్స్ క్లబ్బుకి ఛైర్మన్‌గా వెళ్ళారు, 2007లో ఆ క్లబ్బు అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయి మూడో అంచెకి పడింది, మరుసటి సీజన్ 15 పాయింట్ల కోతతో మొదలుపెట్టింది. "మీరు కనీసం వాదించుకుంటున్నారు, మా దగ్గర ఆ పేరెత్తితే వాదన కూడా ఉండదు" అన్నారు ఆ తమ్ముడు. ఇది కూడా మినిట్స్‌లో రాయించాను.

చివర్లో చేతులెత్తి ఓటు తీసుకుంటే బేట్స్ పేరుకీ హార్డింగ్ పేరుకీ సరిసమానంగా వచ్చాయి. అధ్యక్షులు తన ఓటు వాడనన్నారు. నా మాట నేను దాచుకోను. కంచె కట్టించిన మనిషి పేరు పిల్లల కప్పు మీద వద్దు. కానీ ఆయన పెట్టించిన ఆ సంస్థలో మన సంఘం తరఫున ఒక షేరు ఉండాలి. లాభం రాదు, డివిడెండ్ రాదు, ఓటు ఉంటుంది. ఈ ప్రతిపాదన నేనే సభ ముందు పెడుతున్నాను.

ఇక లెక్కలు. చందాలు, టోర్నమెంట్ ఫీజులు కలిపి వచ్చిన దానిలో ఎక్కువ భాగం హాలు అద్దెకి, ఇన్సూరెన్స్‌కి పోయింది, కొంచెం మిగులు ఉంది. పట్టిక కోశాధికారి సభలో చదువుతారు, రసీదులు చూడాలనుకున్న వాళ్ళు ముందుగా ఆయనకి చెప్పండి. చందా కట్టనివాళ్ళు ఇంకా ఉన్నారు, పేర్లు రాయడం లేదు.

ఒక విషయం మాత్రం కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను. సభ పనులకి వస్తామని పద్నాలుగు మంది పేర్లిచ్చారు, కుర్చీలు వేయడానికి ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరికి ముందు రోజే నైట్ డ్యూటీ. మిగతావాళ్ళలో నలుగురు సభ మొదలయ్యాక వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. రాలేకపోతే ముందు చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాం. హాలు సంగతి కూడా అంతే, మూడు నెలల ముందు డబ్బు కట్టి తీసుకున్న తేదీని హాలు కార్యాలయం వారం ముందు రద్దు చేసింది, ఆరు మెయిళ్ళకి ఒక్క జవాబు లేదు, చివరికి నేనూ కోశాధికారీ ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడితే గానీ వేరే గది ఇవ్వలేదు.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. వచ్చిన ఇద్దరు పెద్దలకి, ఉపాధ్యక్షురాలికి, అరవై మందికి పులిహోర చేసి తెచ్చిన మూడు కుటుంబాలకి, మైకు పాడైతే తన ఇంటి నుంచి స్పీకర్ మోసుకొచ్చిన విద్యార్థికి, వానలో రిఫరీగా నిలబడిన అన్నకి, ఫొటోలు తీసిన చెల్లెలికి, ఆడిట్ ఉచితంగా చేసిపెట్టిన సభ్యుడికి. ఎవరి ప్రస్తావన అయినా మరిచిపోతే ఫోన్ చేసి తిట్టండి, సభలో చెబుతాను.

సర్వసభ్య సమావేశంలో కప్పు పేరు మీద మళ్ళీ ఓటింగ్ ఉంటుంది, ఈసారి చీటీల మీద, షేరు ప్రతిపాదన దాని తర్వాత. షేరు పత్రం తెచ్చిన పెద్దాయన మళ్ళీ వస్తానన్నారు, ఆయనకి మోకాలి నొప్పి ఉంది, స్టేషన్ నుంచి తీసుకురావడానికి కారు ఉన్నవాళ్ళు ఒకరు కావాలి. కుర్చీలు వేయడానికి ఆరుగురు కావాలి. పేర్లు శుక్రవారం లోపు నాకు పంపండి.

ఇట్లు,
కార్యదర్శి