కార్యదర్శి వార్షిక నివేదిక: కొండకింద కప్పల కుంటలు

గౌరవ సభ్యులకు నమస్కారం. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం అంచున మన సంఘం చూసుకుంటున్న కుంటల పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోదగ్గ పని, కింది కుంటలో చేపలు లేకుండా చేయడం. దోమల పిల్లల్ని తింటాయని వదిలిన గంబూసియా అనే చిన్న చేపలు, చెరువు అలుగు నీళ్లతో కొట్టుకొచ్చిన జిలేబీ చేపలు కలిసి కప్ప గుడ్లనూ తోకకప్పలనూ మిగలనివ్వలేదు. వల వేస్తే పెద్దవే పడతాయి. గంబూసియా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది కాబట్టి చూలుది ఒక్కటి మిగిలినా కుంట మళ్లీ నిండుతుంది. అందుకే మే నెలలో నీళ్లన్నీ తోడి, అడుగు నెర్రెలు బారేదాకా ఎండబెట్టాం. నీళ్లొచ్చే కాలువకు రెండు జాలీలు కట్టాం: ముందు ఆకులూ పుల్లలూ ఆపే పెద్ద కన్నుది, వెనక సన్నది. సన్నది ఒక్కటే పెడితే చెత్త అడ్డుపడి నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి.

పూడిక సగమే తీశాం. మట్టిలో దూరి ఎండాకాలం గడిపే కప్పలు ఉంటాయి గనుక జేసీబీని దిగనివ్వలేదు, అంతా పారలతోనే. సర్కారు తుమ్మ కొట్టేశాం గానీ నీటి మీదికి వంగిన కొమ్మలు వదిలేశాం. చెట్టుకప్ప నురగ గూడు కట్టేది వాటికే.

వానలు పడగానే మగ బోదురుకప్పలు పసుపు పూసుకున్నట్టు రంగు తిరిగాయి. ఆ రాత్రుల అరుపులు విన్నవారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఎండుతున్న కుంటకు బోరు నీళ్లు పెట్టమని కొందరు సభ్యులు అడుగుతున్నారు. వద్దు. తోకకప్పలు కాళ్లొచ్చి గట్టెక్కడానికి రెండు నెలల నీళ్లు చాలు. ఏడాదంతా నిలిస్తే లాభం చేపలకే.

చేపలు వదిలేముందు ఒక మాట చెప్పమని సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన అర్జీకి జవాబు లేదు. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవారిలో పార పట్టినవారు తక్కువ. ఫొటోల రోజు మాత్రం బైకులు పెట్టడానికి చోటు చాలలేదు.

ట్రాక్టరు ఇచ్చిన రైతు సోదరులకు, జాలీలు కుట్టిన మహిళా సభ్యులకు, కాలేజీ విద్యార్థులకు, మజ్జిగ పోసిన ఊరివారికి, అనుమతులిచ్చిన అటవీ సిబ్బందికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి దగ్గర ఉంది, ఆడిటర్ సంతకమూ అయింది. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

మిగతా సగం పూడిక వచ్చే మే నెలలో. వేరే చెరువులో తడిసిన బూట్లు, వలలు కడిగి ఎండలో బాగా ఆరబెట్టాకే తీసుకురండి. కప్పల చర్మానికి పట్టే శిలీంధ్రం ఇలాంటి తడితో ఒక చోటి నుంచి మరో చోటికి చేరుతుంది.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి