ఆఫీసరెవరు, ఓనరెవరు?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ సమావేశం వార్త వేశారు. ఆ రోజే రాయాల్సింది. షాపులో పని తెమలక ఇన్నాళ్లయింది.

ఫోటో మాత్రం బాగా వచ్చింది. పొడుగాటి బల్ల, జీడిపప్పు ప్లేట్లు, నీళ్ల సీసాలు. నడుమ కలెక్టరు గారు, అటూ ఇటూ అధికారులు, వాళ్లను ఆనుకుని పరిశ్రమల సంఘాల పెద్దలు. 'పలు యూనిట్లకు రాయితీలు మంజూరు' అని రాశారు. ఆ పలు ఎవరో, ఎవరికి ఎంతో ఒక్క ముక్క లేదు.

సంఘాల వాళ్లు అక్కడ కూర్చోకూడదని నేననను. లేత్ మిషనంటే ఏందో, కరెంటు వాడినా వాడకున్నా బిల్లులో పడే ఫిక్స్‌డ్ చార్జీ ఎట్లా నమిలేస్తుందో ఆఫీసరుకు చెప్పేవాడొకడు ఉండాల్సిందే. కానీ రాయితీ అడిగేవాడూ, ఇవ్వాలా వద్దా అని తేల్చేవాడూ బల్లకి ఒకే పక్క కూర్చుంటే అవతలి పక్క ఎవరున్నట్టు? ఏ ఫైలు ముందుకొచ్చినప్పుడు ఎవరు లేచి బయటికెళ్లారో కూడా వార్తలో రాస్తే బాగుండేది. వెళ్లుంటే.

పైన కూడా ఇదే తంతు. 2016, 17, 18లో, మళ్లీ 2025 నవంబరులో విశాఖలో పెట్టుబడుల సదస్సులు పెట్టారు. సర్కారుతో కలిసి పందిరి వేసింది సీఐఐ, అంటే పరిశ్రమల వాళ్ల సంఘమే. పెళ్లికొడుకు తరఫువాళ్లే పందిరీ వేసి, కట్నమూ మాట్లాడుకుంటే, పిల్ల తరఫున అడిగే మేనమామ ఎవరు? టీసీఎస్‌కు అక్కడ 21.16 ఎకరాలు 99 పైసలకిచ్చారు. ఉద్యోగాలొస్తాయన్నారు, రానివ్వండి, సంతోషమే.

నేను 99 పైసలకి అడగలేదు సామీ. సర్కారు చెప్పిన ధరకే, డబ్బు కట్టి కొనుక్కుంటానన్నా. మూడేళ్ల కిందట మా దగ్గర్లోని ఒక పారిశ్రామిక వాడలో చిన్న ప్లాటుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టా. ప్రాసెసింగ్ ఫీజు కట్టా, డీపీఆర్, అంటే ప్రాజెక్టు రిపోర్టు రాయించా. ఒకసారి షార్ట్‌ఫాల్, అంటే కాయితాల్లో ఏదో తక్కువైందన్నారు, సరిచేశా. రెండోసారి ఇంకో షార్ట్‌ఫాల్. ఆఖరికి 'ఖాళీ లేదు' అన్నారు. పోయి చూస్తే కంచె వేసిన రెండెకరాల్లో సీమతుమ్మ చెట్లు మనిషెత్తు పెరిగున్నాయి. లోపల మేకలు మేస్తున్నాయి, గేటుకు తుప్పు పట్టిన తాళం. ఎవరిదని వాచ్‌మన్నడిగితే నవ్వి, 'పెద్దోళ్లది సార్' అన్నాడు. గడువులోగా ఫ్యాక్టరీ పెట్టకపోతే ప్లాటు వెనక్కి తీసుకుంటామని నాకిచ్చిన కాయితాల్లో అచ్చేసుంది. ఆ మేకలకి మినహాయింపు ఇచ్చారేమో.

ఇంకొకటి. పరిశ్రమలకి స్థలాలిచ్చే సర్కారు సంస్థ ఏపీఐఐసీ వాడల్లో ఐలా అని ఉంటుంది, వాడకి పంచాయతీ లాంటిదన్నమాట. ఆస్తి పన్ను అదే వసూలు చేస్తుంది, అందులో 35 శాతం పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చి, మిగతాది వాడలోనే ఖర్చు పెడుతుంది. కమిటీలో ఎక్కువమంది ఫ్యాక్టరీల వాళ్లే. వీధి లైటు పోతే రెండోరోజే వేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రహరీ అవతలున్న ఊరోళ్లకి మాత్రం ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. కాలవలో వచ్చే నల్లనీళ్లలో మాత్రం వాటా ఉంది.

అసలు కుర్చీ ఉన్నోడికే పని జరుగుతుందని మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకి తెలియంది కాదు. మన్నవరంలో ఎన్‌టీపీసీ, భెల్ కలిసి పెట్టే ప్లాంటుకి 2010 సెప్టెంబరు 1న సాక్షాత్తూ ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి పునాదిరాయి వేశారు. ఆరు వేల కోట్లన్నారు. ఏమైంది? రెండూ సర్కారు సంస్థలు, బల్ల దగ్గర కూర్చుని గుర్తుచేసే ఓనరు లేడు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. క్యాను మోసుకొచ్చి పాలు పోసిన రైతుని ఏ ప్రోత్సాహక కమిటీకి పిలిచారు? శ్రీసిటీ, ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చినందుకు నాకూ గర్వమే. మా బావమరిది కొడుకు అక్కడే షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడు. కానీ వాటికి నట్టూ బోల్టూ చేసిచ్చే మాలాంటోళ్లకి అద్దె షెడ్లే గతి. ఏటా అద్దె పెంచే షెడ్డు ఓనరుకి ఏ పాలసీ అడ్డం రాదు.

నేనడిగేది ఖర్చులేని పని. కమిటీ సమావేశమైన వారంలోగా మినిట్స్, అంటే అక్కడేం తేల్చారో రాసిన కాయితం, కలెక్టరేట్ నోటీసు బోర్డులో అంటించండి, తెలుగులో. ప్లాటు ఎవరికిచ్చారు, ఎప్పుడిచ్చారు, షెడ్డు లేచిందా లేదా, సభ్యుల్లో ఎవరి కంపెనీ ఫైలు ఎప్పుడొచ్చింది, అన్నీ అందులో ఉండాలి.

మీకూ ఒక మనవి. ఆ ఫోటో కింద 'అధికారులు, పారిశ్రామికవేత్తలు పాల్గొన్నారు' అని కలిపి రాశారు. మా షాపు కుర్రోళ్లు నలుగురూ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశారు గానీ ఆఫీసరెవరో ఓనరెవరో తేల్చలేకపోయారు. ఈసారి ఎడమ నుంచి కుడికి పేర్లూ హోదాలూ విడివిడిగా వేయించగలరు.

ఇట్లు,
ఒక లేత్ వర్క్‌షాప్ యజమాని,
రేణిగుంట రోడ్డు, తిరుపతి