పన్ను మాకు, మినహాయింపు వాళ్లకు

అయ్యా,

అమెరికా కంపెనీలను 15 శాతం కనీస పన్ను నుంచి తప్పించడానికి జీ-7 అనే ఏడు సంపన్న దేశాల కూటమి ఒప్పుకుందన్న వార్తను మీరు బిజినెస్ పేజీలో ఓ మూలకు తోసేశారు. రాద్దామా వద్దా అని పది రోజులు ఊగిసలాడి, షాపు కట్టేశాక ఇవాళ కూర్చున్నాను.

2021 అక్టోబరులో 136 దేశాలు ఈ పన్నుకు ఒప్పుకున్నప్పుడు ఎంత హడావుడి! బడా కంపెనీలు లాభాలను ఏ దీవి ఖాతాలో దాచుకున్నా కనీసం 15 శాతం కట్టాల్సిందేనన్నారు. 2025 జనవరిలో ట్రంప్ కుర్చీ ఎక్కిన రోజే అది మా దగ్గర చెల్లదన్నారు. జూన్ చివరికల్లా మిగతా జీ-7 దేశాలు తలూపేశాయి. ఈ మాత్రానికి ఇన్నేళ్ల చర్చలు, ఇన్ని విమాన టికెట్లు దేనికో!

మనమేం తక్కువ తిన్నాం? విదేశీ కంపెనీల ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016లో వేసిన 6 శాతం ‘గూగుల్ ట్యాక్స్’ను 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశాం. అది గొప్ప పన్నని నేననను. దాని బరువు చివరికి ప్రకటన ఇచ్చుకునే చిన్నవాళ్ల మీదే పడిందని మా ఆడిటర్ గారంటారు. అలాగని ఆ చిన్నవాళ్ల మీద జాలితో తీసేశారంటే మాత్రం నమ్మను.

వాళ్ల జాలి సంగతి నాకు తెలుసు. జీఎస్టీ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు. ఒక్క పైసా అమ్మకం లేకపోయినా 20. పోయినేడు మా ఆవిడ ఆస్పత్రిలో ఉండగా పదకొండు రోజులు ఆలస్యమైంది. 550 కట్టాను. నేను ఏ జీ-7కి మొరపెట్టుకోను?

2023 మార్చిలో మా విశాఖలో జీ-20 మీటింగ్ జరిగింది. ఊరంతా గోడలకు రంగులే రంగులు. వచ్చిన పెద్దలు చర్చించింది మౌలిక సదుపాయాల గురించట! మా వీధి కాలువకు మూత మాత్రం ఇప్పటికీ లేదు. సెప్టెంబరులో జీ-20 దేశాధినేతల సభకని ఢిల్లీలో మురికివాడలకు పచ్చ గుడ్డలు అడ్డం కట్టి, 2,700 కోట్ల భారత్ మండపంలో కూర్చుని, ఇదే పన్ను ఒప్పందాన్ని త్వరగా అమలు చేయాలని డిక్లరేషన్ ఇచ్చారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

మన రాష్ట్రంలో మాత్రం అడిగేవాడెవడు? దాదాపు తొమ్మిది కోట్లు పెట్టి కట్టిన ప్రజావేదిక మీటింగ్ హాలును 2019లో కూల్చేశారు. కూల్చినవాళ్లే రుషికొండ మీద వందల కోట్లు పోసి భవనాలు లేపారు. వాటినేం చేయాలో తర్వాత వచ్చినవాళ్లకు 2025లోనూ తోచలేదు. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులేశారు. కోర్టు తీసేయమంటే మళ్లీ సున్నం వేశారు. రెండుసార్లూ డబ్బు మనదే.

ఇలాంటి వార్త ఈసారైనా మొదటి పేజీలో వేయండి. 20వ తేదీ దగ్గరపడుతోంది, నా రిటర్న్ పని చూసుకోవాలి.

– ఒక స్టేషనరీ షాపు యజమాని, విశాఖపట్నం