పాట మధ్య వాయిద్యానికీ రెండు ముక్కలు రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో మరపురాని సినిమా పాటల గురించి వస్తున్న శీర్షికను విజయనగరంలో పాట నేర్చుకునే పిల్లలు కత్తిరించి దాచుకుంటున్నారు. అంత శ్రద్ధగా చదివేవాళ్లు ఉన్నారు గనకే ఈ ఉత్తరం. పల్లవి, నటీనటులు, సినిమా ఎన్ని రోజులు ఆడింది, ఇంతవరకే ఉంటోంది ఆ శీర్షికలో. రాసిన కవి పేరు ఒకోసారి కనిపిస్తుంది. పల్లవికీ చరణానికీ మధ్య మోగే సంగీతం ఊసు మాత్రం ఉండదు. పాట సగం పట్టుబడేది అక్కడే. పాత పాట కూనిరాగం తీసేవాళ్లను గమనించండి, మాటలు అయిపోగానే ఆగరు. వయొలిన్లు చెప్పినదాన్ని కూడా నోటితో అనేసి గానీ చరణంలోకి వెళ్లరు.

వాయిద్యకారులు బీజీఎం అనే ఆ ముక్క నింపుడు సరుకు కాదు, దానికి రెండు పనులున్నాయి. పాడేవాడికి ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వడం ఒకటి. చరణం ఏ స్వరం మీద మొదలవ్వాలో ఆ స్వరాన్ని ముందే చెవిలో వేసి పెట్టడం రెండోది. వినాయక చవితి పందిళ్లలోనూ సిరిమానోత్సవం రోజుల్లోనూ జరిగే ఆర్కెస్ట్రాల్లో టైము చాలదని మొదట కోసేది దీన్నే. రెండో బీజీఎం ఎత్తేసి, డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు కొట్టి చరణం అందుకోమంటారు. చరణం తారస్థాయిలో ఎత్తుకునే పాట అయితే గాయకుడు ఒక స్వరం అటో ఇటో దిగుతాడు, తిన్నగా దారిన పడేసరికి చరణం సగం అయిపోతుంది. తప్పు గాయకుడిదని సభ అనుకుంటుంది. కోయక తప్పకపోతే బీజీఎం మొదటి భాగం కోసి, చివరి రెండు ఆవర్తాలూ (తాళం చుట్లు) ఉంచాలి. చరణానికి దారి చూపేది ఆ చివరే. మొదటి బీజీఎంనే రెండోసారీ వాయించేయడం ఇంకో అలవాటు. కొన్ని పాత పాటల్లో ఇది చెల్లుతుంది, ఇళయరాజా పాటల్లో చెల్లదు. ఆయన రెండింటినీ సాధారణంగా వేర్వేరుగా కట్టారు. అడుగున బాస్ గిటారు కూడా వేరే పాటలా నడుస్తూ ఉంటుంది. ‘గీతాంజలి’ (1989) పాటలు ఒకసారి బాస్ మీదే చెవి పెట్టి వినమనండి.

ఈ విషయంలో మన ప్రాంతం మీద బరువు కొంచెం ఎక్కువే. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, వయొలిన్ చెప్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాలకు విద్య చెప్పి ఆదరించినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరు చినగురువుగారంటే తెలియనివారు ఉండరు. వారి అబ్బాయి సంగీతరావు గారు తరవాత మద్రాసులో ఘంటసాల పక్కన హార్మోనియం పట్టారు. సుశీలమ్మ ఈ ఊరి ఆడపడుచు, ఈ కళాశాలలోనే చదివారు. సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గరి శివరామపురం. ఇంతమందిని చెప్పుకునే చోట పాటకు హీరో పేరొక్కటీ వేసి ఊరుకుంటే బాగులేదు.

రాజేశ్వరరావు గారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సవరణ. ‘మాయాబజార్’ (1957) పాటల బాణీలన్నీ ఘంటసాలవేనని రాసేస్తుంటారు. ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘శ్రీకరులు దేవతలు’ సహా నాలుగింటికి వరస కట్టింది రాజేశ్వరరావు గారు. ఆయన తప్పుకున్నాక వాటికి వాయిద్యం కూర్చి రికార్డు చేయించి, మిగతా పాటలన్నీ కట్టింది ఘంటసాల. ఇద్దరి పేర్లూ వేయాలి. వాయిద్యం ఎవరు కూర్చారన్నది వేరే సంగతి అని ఒప్పుకుంటేనే ఈ లెక్క తేలుతుంది. ‘మల్లీశ్వరి’ (1951)లో రాజేశ్వరరావు గారితో పాటు అద్దేపల్లి రామారావు గారి పేరు చెప్పేదీ, మహదేవన్ పాట ఎత్తితే పుహళేంది పేరు వచ్చేదీ ఇందుకే.

‘లాహిరి’ మోహన రాగం. మధ్యమమూ నిషాదమూ లేవు, ఉన్న అయిదు స్వరాల్లో ఏ రెండూ పక్కపక్క మెట్ల మీద ఉండవు. అర్ధస్వరం ఇరుకు లేదు కాబట్టి సంగీతం రానివాడు పాడినా పెద్దగా అపస్వరం పడదు, పదిమంది కలిసి పాడినా చెడదు. పాట ఇంటింటికీ చేరడానికి ఇదో ముఖ్య కారణం. పడవ తూగు, పింగళి వారి మాటలు సరే.

దీనికి పూర్తిగా ఎదురు కొస ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల గారు కట్టిన ‘శివశంకరీ’. అందరికీ గుర్తుంది, పాడగలిగేవాళ్లు బహు తక్కువ. దర్బారీ కానడలో సాధారణ గాంధారం ఒకచోట నిలబడదు, రిషభం వైపు ఒరుగుతూ మెల్లగా ఊగుతుంది. ధైవతమూ అంతే. రాగం నడక మంద్రంలో, నిదానం మీద. కీబోర్డు మీద గాంధారం మెట్టు నొక్కి పట్టుకుంటే అది గాంధారం అవుతుంది గానీ దర్బారీ కాదు. పోటీల్లో ఈ పాట తేలిపోయేది ఎక్కువసార్లు ఇక్కడే. గాయకుడు ఊపుతుంటాడు, కీబోర్డు కదలకుండా నిలబడుతుంది, రెండూ రాసుకుని శ్రుతి చెడినట్టు వినిపిస్తుంది. కీబోర్డు ఎడమవైపు ఉండే పిచ్ చక్రంతో కొంత నెగ్గుకురావచ్చు. మామూలుగా అది పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు లాగేలా అమర్చి ఉంటుంది. దాన్ని ఒక మెట్టుకు తగ్గించుకుంటే వేలి అదుపులో ఉంటుంది. అదీ కుదరకపోతే గాంధారం దగ్గర చెయ్యి తీసేసి ఆ చోటు వయొలిన్‌కి వదిలేయడం మేలు.

స్వరాన్ని ఇలా ఊపే గమకానికి మన జిల్లాలోనే సాధనం ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మెట్లు 24, వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు. మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం సాగుతుంది, కీబోర్డుకు లేని విద్య అది. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లో సుశీల పాడిన ‘నీవులేక వీణ’ వేదిక మీద పాడేటప్పుడు ఒక్క వీణ పెట్టి చూడమనండి, పాట రూపే మారిపోతుంది. ఒక జాగ్రత్త. మెట్లు మైనం మీద కూర్చుని ఉంటాయి. మధ్యాహ్నం ఎండలోనో వేదిక దీపాల వేడికో మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, మళ్లీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లను శ్రుతికి సరిగా కూర్చాల్సిందే. వాయించే వేళ వరకు వీణను నీడపట్టున ఉంచాలి.

ఇక శ్రుతి సంగతి. పిల్లలు ఈ రోజుల్లో పాట నేర్చుకునేది ఫోనులోనే. పాత సినిమా పాటల వీడియోలు చాలావరకు అసలు శ్రుతిలో ఉండవు. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది, మన టీవీ పద్ధతి 25 ఫ్రేములది. సినిమాను టీవీకో వీసీడీకో ఎక్కించేటప్పుడు బొమ్మనూ శబ్దాన్నీ కలిపి కాస్త వేగంగా తిప్పేయడం రివాజు. దాంతో 3 నిమిషాల 20 సెకన్ల పాట 3 నిమిషాల 12 సెకన్లకే ముగుస్తుంది. వేగంతో పాటు శ్రుతీ ఎక్కుతుంది. హార్మోనియం మీద ఒక మెట్టు ఎక్కాలంటే వేగం నూటికి ఆరు పాళ్లు పెరగాలి, ఇక్కడ పెరిగేది నాలుగు పాళ్ల చిల్లర. అంటే పాట మెట్టులో పదింట ఏడు వంతులు ఎక్కి మధ్యలో వేలాడుతుంది. హార్మోనియం లెక్కలో రెండో శ్రుతి పాట రెండుకూ చెందదు, దాని పై మెట్టయిన రెండున్నరకూ చెందదు. హార్మోనియం పక్కన పెట్టి నేర్చుకునే పిల్లకు ఏ మెట్టూ కలవదు, తన గొంతే బాగులేదనుకుంటుంది.

మందు చిన్నదే. వేగం మార్చే సాఫ్ట్‌వేర్‌లో 0.96 పెట్టాలి. శ్రుతిని కదలనివ్వని ఏర్పాటు ఆన్‌లో ఉంటే తీసేయాలి, లేకపోతే నడక తగ్గి శ్రుతి మాత్రం అక్కడే ఉండిపోతుంది. అన్ని వీడియోలకూ ఈ దోషం ఉండదు, కాబట్టి ముందు రికార్డు కంపెనీ విడుదల చేసిన పాటతో సరిచూసుకోవాలి. మొత్తం పాట నిడివి పోల్చకండి. 78 వేగం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది, అందుకని రికార్డు కోసం చరణాలో బీజీఎంలో తగ్గించిన పాటలు ఎన్నో ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్న ఒక చరణం తీసుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా సెకన్లు లెక్కపెడితే తేలిపోతుంది.

కరోకే ట్రాకుల సంగతీ ఇలాంటిదే. ఘంటసాల పాటను ఆడపిల్ల పాడాలంటే ట్రాకును నాలుగైదు మెట్లు ఎక్కిస్తున్నారు. రెండు మెట్లు దాటితే తబలా డబ్బాలా మోగుతుంది, వయొలిన్లు కీచుమంటాయి, ఎందుకంటే శ్రుతితో పాటు వాయిద్యం గొంతు కూడా మారిపోతుంది. అంత తేడా కావాలంటే హార్మోనియం, తబలా పెట్టుకుని సొంత శ్రుతిలో పాడడమే దారి. యుగళగీతాల్లో ఇంకో చిక్కుంది. సినిమాలో ఇద్దరూ ఒకే శ్రుతిలో పాడతారు, మగగొంతు పైస్థాయిలో, ఆడగొంతు నడిమి స్థాయిలో నడిచేలా కట్టి ఉంటుంది. ఒకరి సౌకర్యానికి రెండు మెట్లు దింపితే రెండోవారి కింది స్వరాలు మైకులో వినపడవు. దింపాల్సి వస్తే ఒక్క మెట్టుతో ఆపాలి.

మైకుసెట్టు వాళ్లకు చెప్పవలసింది ఎక్కువ లేదు. పాత పాట వేసినప్పుడు ట్రెబుల్ పెంచకండి. ఆనాటి సినిమా శబ్దపథం పై పౌనఃపున్యాలను బాగా తగ్గించేస్తుంది, అక్కడ పెంచితే పైకి వచ్చేది సుయ్యిమనే రొద. ఎకో కూడా తగ్గించాలి, ఒత్తులు కలిసిపోయి ఆత్రేయ గారి మాటలు అర్థం కాకుండా పోతున్నాయి. మైకు కూత పెడుతోందంటే బాక్సులు పాడేవారి వెనక ఉన్నాయన్నమాట, ముందుకు జరపండి.

మాటల మాట వచ్చింది. మహదేవన్ గారు కవి రాసిన పాట చేతికి వచ్చాకే వరస కట్టేవారు. ‘శంకరాభరణం’ (1980)లో వేటూరి వారి మాట ఎక్కడ విరగాలో అక్కడే స్వరం విరుగుతుంది, ఊపిరీ అక్కడే అందుతుంది. అంత పెద్ద పాటలు మామూలు జనం నోట ఆడడానికి సగం కారణం ఇది. బాణీ ముందు కట్టి మాటలు పొదిగిన పాటల్లోనూ గొప్పవి లేకపోలేదు గానీ, హ్రస్వం మీద గొంతు సాగదీయాల్సి వచ్చిన చోట పిల్లలు మాట తప్పుగా నేర్చుకుంటారు. మీ శీర్షికలో పాట పూర్తి పాఠం సరిగా అచ్చువేస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది.

మన జానపదానికి సినిమాలో జరిగేది ఇంకో తీరు. వంగపండు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో వచ్చింది, ‘నాదీ నక్కిలీసు గొలుసు’ 2020లో ‘పలాస 1978’తో ఊళ్లు దాటింది. మాటా యాసా చేరాయి, సంతోషమే. తప్పెటగుళ్లు, జముకు మాత్రం కంప్యూటర్‌లో ఉన్న ఏదో డప్పు ముక్కగా మారిపోతున్నాయి. తప్పెట గుండె మీద కట్టుకుని రెండు చేతులా వాయిస్తారు, కాళ్ల గజ్జెలు దానికి జవాబు చెబుతాయి. ఆ రెండూ కలిస్తేనే దాని లయ. ఇక్కడ స్టూడియో పెట్టిన కుర్రాళ్లు రికార్డు చేస్తున్నప్పుడు మైకు తప్పెటకు ఆనించి పెడుతున్నారు, దెబ్బ పగిలిపోయి గజ్జె వినపడకుండా పోతోంది. ఆరేడు అడుగుల దూరంలో, నడుం ఎత్తున ఒక్క మైకు పెడితే రెండూ సమపాళ్లలో వస్తాయి. గది గోడలకు దుప్పట్లు వేలాడదీస్తే చాలు.

మీకు విన్నపం ఇది. ఇకపై ఒక్కో పాటకూ కవి, బాణీ కట్టినవారు, వాయిద్యం కూర్చినవారు, పాడినవారు, రాగం, సంవత్సరం ఒక పెట్టెలో వేయండి. బీజీఎంలో ముందుకు వచ్చి పలికిన వాయిద్యం ఏదో చెప్పండి, వాయించినవారు తెలిస్తే వారి పేరు కూడా. ‘సిరివెన్నెల’ (1986)లో వేణువు హరిప్రసాద్ చౌరాసియా గారిదని చదివిన పిల్లవాడు ఆ పాటను ఇంకోలా వింటాడు. పేరు రూఢిగా తెలియని చోట ఖాళీ వదలండి, మద్రాసులో వాయించి వచ్చిన పెద్దలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు, వాళ్లే రాసి పంపుతారు.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయుడు,
విజయనగరం